మూత్రాశయ ఇన్ఫెక్షన్: మంట, నొప్పిలో రోగనిరోధక కణాల పాత్ర
మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో అధిక భాగానికి కారణం పేగుల్లో కాపురముండే ఈ-కోలై బ్యాక్టీరియా. ఒంటిమీది సన్నని నూగు కొసనున్న ఫిమ్-హెచ్ అనే ప్రొటీన్‌తో ఇది మూత్రాశయపు లోపలి పొరను పట్టుకుని, మూత్రధారకు కొట్టుకుపోకుండా నిలుస్తుంది. పొరలోని కణాలు టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకంతో దాన్ని పసిగట్టి సైటోకైన్లు అనే సంకేత ప్రొటీన్లను వదులుతాయి. గంటల్లోనే రక్తం నుంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. మూత్ర పరీక్ష రిపోర్టులో ‘పస్ సెల్స్’ అని రాసేది చాలావరకు వీటినే. ఇవి బ్యాక్టీరియాను మింగుతాయి. ఆ క్రమంలో వదిలే ఎంజైములు సొంత కణజాలాన్నీ దెబ్బతీస్తాయి.

నొప్పి విషయంలో మాస్ట్ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నరాల కొసలకు ఆనుకుని ఉండే ఇవి హిస్టమిన్ వంటివి వదిలి వాటిని రెచ్చగొడతాయి. అందుకే నాలుగు చుక్కలు చేరినా బాత్రూముకు పరుగు. చిత్రమేమిటంటే, కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా కనబడకపోయినా కొందరికి ఈ బాధ పోదు. 2024లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికొక కారణం చూపారు: ఇన్ఫెక్షన్ పదేపదే వస్తే మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు, మాస్ట్ కణాలు నరాలను పెంచే నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను విడుదల చేస్తాయి, మూత్రాశయంలో కొత్త నరాల కొమ్మలు మొలుస్తాయి. అలాంటి నొప్పికి యాంటీబయాటిక్ మందు కాదు.