కొయ్య వంచిన చేతులు

సంగం బ్యారేజీ మీద నిలబడి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి గానీ తెరచాప కనిపించదు. 1880ల నాటి పాత ఆనకట్టయినా, 2022లో ప్రారంభమైన ఈ బ్యారేజీ అయినా పెన్న నీళ్ళను పొలాలకు మళ్ళించడానికి కట్టినవే. ఈ పక్క చరిత్ర ఏదని అడిగితే ఉదయగిరి కోట చూపిస్తారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. మా చరిత్ర కొండెక్కి కూర్చుంది. నీళ్ళ మీద నడిచిన చరిత్ర కావాలంటే పెన్న వెంటే కిందికి దిగి, నెల్లూరు దాటి, తీరం దాకా పోవాలి. అక్కడ బకింగ్‌హామ్ కాలవ ఉంది.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడంతో మొదలైన కాలవ ఇది. మొదట్లో దీన్ని కాక్రేన్ కాలవ అనేవాళ్ళు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగింది. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే భాగాన్ని ధాత కరువు రోజుల్లో ఆకలితో వచ్చిన జనంతో తవ్వించారు. పేరు మాత్రం 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుకు దక్కింది. ఉత్తరాన పెదగంజాం దగ్గర ఇది కృష్ణా కాలవలతో కలుస్తుంది. అంటే అప్పట్లో కాకినాడలో బయల్దేరిన పడవ సముద్రం మొహం చూడకుండానే మద్రాసు చేరగలిగేది. బియ్యం, ఉప్పు, శ్రీహరికోట కట్టెలు అన్నీ ఈ దారినే పోయాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే గెడ వేసేవాళ్ళు, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు.

నన్ను పట్టుకున్న సంగతి మాత్రం వేరే. సముద్రంలో ఓడకు పైన అడ్డమేమీ ఉండదు. కాలవకు వంతెనలుంటాయి. వంతెన కిందుగా ఉంటే తెరచాప కొయ్యను వంచాలి, దాటాక మళ్ళీ లేపాలి. వినడానికి చిన్న పనే. కానీ చిన్న పడవ మీద మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే పనుల్లో ఇదొకటి.

ఎందుకంటే, కొయ్య నిటారుగా ఉన్నంతసేపూ బరువంతా దాని పాదం మీదే ఉంటుంది. ముందు నుంచి తాడు పట్టుకున్నవాడికి ఏమీ తెలియదు. వెనక్కి వాలేకొద్దీ బరువు తాడు మీదికి వస్తుంది. పైగా తాడు కొయ్య పక్కనే పడుకున్నట్టయిపోయి, ఎంత లాగినా పట్టు చాలదు. చేతులు సరిగ్గా అక్కడే జారతాయి. అందుకే పడవ ముందు భాగంలో ఒక పొట్టి కర్ర నిలబెట్టి, తాడును దాని కొస మీదుగా తిప్పుతారు. అప్పుడు లాగుడుకు కోణం దొరుకుతుంది. తాడును గుంజకు రెండు చుట్లు చుట్టి కొంచెం కొంచెంగా వదిలితే బరువు అరచేతుల మీద పడదు. పక్కలకు ఊగకుండా రెండు వైపులా తాళ్ళుండాలి. తెరచాప ముందే దించేయాలి. కొయ్య వాలే దారిలో ఒక్కరు కూడా నిలబడకూడదు. లేపేటప్పుడు లెక్క తిరగబడుతుంది: మొదటి మూరే అన్నిటికన్నా బరువు, నిలబడ్డాక ఇక ఏమీ లేదు.

ఇంగ్లండులో నార్ఫోక్ సరుకు పడవలవాళ్ళు దీనికో ఉపాయం చేశారు. కొయ్య అడుగున సీసం బరువు కట్టారు. తూకం సరిపోవడంతో అంత పెద్ద కొయ్యనూ ఒక్కడే వంచి లేపగలిగేవాడు. పని అదే, భయం అదే. బరువు మోసింది మాత్రం సీసం.

మన దగ్గర తెరచాప కొయ్యకు బొమ్మ లేకపోలేదు. యజ్ఞ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది, రెండో శతాబ్దం నాటిది. రెండు కొయ్యలూ నిటారుగానే ఉన్నాయి. రాజు నాణెం మీద వంగిన కొయ్యను ఎవరు చెక్కుతారు? కాలవల చరిత్రలోనూ అంతే. ధవళేశ్వరం కట్టిన కాటన్ ఉంటాడు, రైళ్ళకన్నా జలమార్గాలే మేలని ఆయన వాదించిన సంగతీ ఉంటుంది. వంతెన ముందు గుంజకు తాడు చుట్టి ఊపిరి బిగబట్టిన మనిషి ఉండడు. అతను కొయ్యను సరిగ్గా దించిన రోజున ఏ ప్రమాదమూ జరగలేదు. జరగని ప్రమాదాన్ని ఏ రికార్డులో రాస్తారు?

1899లో మద్రాసు రైలు మార్గం నెల్లూరు మీదుగా బెజవాడను కలిపింది. తర్వాత లారీలొచ్చాయి, తుపాన్లు గట్లు కోసేశాయి, పూడిక పేరుకుంది. సరుకు పడవలు ఆగిపోయాయి. 2004 సునామీ నీళ్ళు ఈ కాలవలోకి చేరి ఉధృతి తగ్గిందని విన్నప్పుడు కాలవ మళ్ళీ కొన్నాళ్ళు వార్తల్లోకొచ్చింది.

కాలవను మళ్ళీ తవ్వాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. తవ్వితే మంచిదే. మట్టిని యంత్రాలు తీసేస్తాయి. తాడు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు బిగించాలో మాత్రం ఒక చెయ్యి ఇంకో చేతికి పడవ మీదే నేర్పాలి. బ్యారేజీ మీద నుంచి కిందికి చూస్తూ నేను లెక్కపెట్టుకునేది నీటిమట్టం కాదు, తెగిపోయిన ఆ వరసనే.