వాననీటిలో విషం: సియాటెల్ వాగులలో కోహో సాల్మన్ మరణాల చరిత్ర

ఉపోద్ఘాతం

వాహన కాలుష్యం అనగానే మొదట స్ఫురించేది పొగ. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన వాహన కాలుష్య నియంత్రణ చట్టాలు సైతం ప్రధానంగా పొగగొట్టాన్నే లక్ష్యంగా చేసుకున్నాయి. రోడ్డుపై అరిగి రాలే టైరు పొడి చాలాకాలం వాటి దృష్టికి రాలేదు. ఆ పొడి నుండి పుట్టిన విషం మంచినీటి చేపలను ఎలా చంపిందో, ఆ సంగతి ఎలా వెలుగులోకి వచ్చిందో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వాగులు బాగుపడినా చేపలు దక్కలేదు

కోహో సాల్మన్ వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి వాగుకు చేరుతుంది. గుడ్లు పెట్టాక మరణించడం దాని సహజధర్మం. 1990లలో సియాటెల్ పరిసరాలలో పట్టణ వాగులను పునరుద్ధరించే పనులు జరిగాయి. చేపలు తిరిగి వచ్చాయి కానీ, శరదృతువు వానలు కురిసిన వెంటనే నీటిపైకి తేలి, నోరు తెరుచుకొని, పట్టుతప్పి కొన్ని గంటలలోనే చనిపోయేవి. చనిపోయిన ఆడచేపల కడుపులో గుడ్లు అలాగే మిగిలి ఉండేవి. లాంగ్‌ఫెలో వాగులో 2002 నుండి 2009 వరకు జరిగిన పరిశీలనలో ఏటా 60 నుండి 100 శాతం ఆడచేపలు ఈ విధంగా మరణించినట్లు తేలింది.

ఈ నష్టం చేపలకే పరిమితం కాదు. ప్యూజెట్ సౌండ్ తీరంలోని ఆదివాసీ జాతులు 1854-55 నాటి ఒప్పందాలలో తమ భూములను వదులుకొని, చేపలవేట హక్కును నిలుపుకున్నాయి. 1974లో ఫెడరల్ న్యాయస్థానం ఆ హక్కును ధ్రువీకరించింది. చేపే లేనప్పుడు వేట హక్కుకు అర్థం ఉండదు.

కారణాన్వేషణ

వ్యాధి, నీటి ఉష్ణోగ్రత, ప్రాణవాయువు కొరత, పురుగుమందులు వంటి కారణాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా పరిశీలించి తోసిపుచ్చారు. రోడ్డునీటిలో సాధారణంగా కనిపించే లోహాలను, చమురు సంబంధిత పదార్థాలను కలిపి ప్రయోగిస్తే చేపలు చావలేదు. హైవే నుండి సేకరించిన అసలు వాననీటిలో మాత్రం చనిపోయాయి. అదే నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన పొర గుండా వడకట్టినప్పుడు బతికాయి. అంటే విషం పేరు తెలియకముందే దానిని ఆపే మార్గం దొరికింది.

తర్వాత టైరు పొడి నానిన నీటిపై దృష్టి మళ్లింది. అందులోని రెండు వేలకు పైగా రసాయనాలను విడదీస్తూ పోయిన పరిశోధకులు చివరకు ఒక్కదాని వద్ద ఆగారు. 2020 డిసెంబరులో ‘సైన్స్’ పత్రిక ఆ ఫలితాన్ని ప్రకటించింది. ఓజోన్ వల్ల టైర్లు పగుళ్లు తీయకుండా 1960ల నుండి రబ్బరులో 6పిపిడి అనే రసాయనాన్ని కలుపుతున్నారు. అది ఓజోన్‌తో చర్య జరిపి టైరును కాపాడుతుంది. ఆ చర్యలో తాను 6పిపిడి-క్వినోన్‌గా మారుతుంది. కోహోను చంపుతున్నది ఇదే. సగం చేపలను చంపే మోతాదును మొదట లీటరుకు 0.8 మైక్రోగ్రాములుగా లెక్కించారు. 2022లో దానిని 0.095 మైక్రోగ్రాములకు సవరించారు.

అన్ని చేపలపైనా దీని ప్రభావం ఒకేలా లేదు. రెయిన్‌బో ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ దీనికి లోనవుతుండగా, చమ్ సాల్మన్ తట్టుకుంటోంది. అందువల్ల ఒక జాతిపై జరిపిన పరీక్షతో రసాయనం సురక్షితమని తేల్చడం సాధ్యం కాదు.

పర్యవసానాలు

2023లో యూరోక్, పోర్ట్ గ్యాంబుల్ స్క్లాలం, ప్యూయలప్ జాతులు టైర్లలో 6పిపిడి వాడకాన్ని నిషేధించాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు అర్జీ పెట్టుకున్నాయి. అదే ఏడాది నవంబరులో సంస్థ అర్జీని ఆమోదించి, నియంత్రణ ప్రక్రియ చేపట్టడానికి అంగీకరించింది. కాలిఫోర్నియా సైతం ఈ రసాయనం గల టైర్లకు ప్రత్యామ్నాయాన్ని పరిశీలించాలని తయారీదారులను ఆదేశించే నియమం తెచ్చింది. అయితే టైరు పగిలితే ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు కనుక, రసాయనాన్ని తొలగించడం కన్నా దానికి సరైన బదులు కనుగొనడం కష్టం.

ముగింపు

పొగ వదలని విద్యుత్ వాహనానికీ టైర్లు ఉంటాయి, అవీ అరుగుతాయి. కనుక ఇంధనం మార్చినంత మాత్రాన వాగులకు రక్షణ కలగదు. బదులు రసాయనం దొరికే వరకు రోడ్డునీరు నేరుగా వాగులో కలవకుండా మట్టిపొరల గుండా పంపడమే చేతిలో ఉన్న మార్గం. ఒక వస్తువును కాపాడే రసాయనం వాతావరణంలో ఏ రూపం దాలుస్తుందో ముందే పరీక్షించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.