శేషాచలం మెట్ల దారి: నాడు – నేడు

వేసవి సెలవులు వస్తే మనబోటి చిరుద్యోగుల కుటుంబాలకు దూరప్రయాణమంటే తిరుపతే. ఎల్.టి.సి. మంజూరైందని తెలియగానే పిల్లలు "ఈసారి నడిచే కొండెక్కాలి" అని పట్టుబట్టేవారు. దీన్నే ఇప్పటివారు ట్రెక్కింగ్ అంటున్నారు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు, ఆ నడకదారి చరిత్రను, దానితో ముడిపడిన నా పొరపాటు నొకదాన్ని సభ్యుల ముందుంచాలనిపించింది.

1944కు ముందు తిరుమలకు మోటారు దారి లేదు. కాలిబాటలే గతి. నడవలేని వారిని డోలీలలో మోసుకుపోయేవారు. అలిపిరి నుంచి వెళ్లే దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల నడక. చంద్రగిరి వైపు నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. దూరం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. 1513లో మొదలుకొని ఏడు పర్యాయాలు స్వామిని దర్శించిన శ్రీకృష్ణదేవరాయల కాలంలోనూ కొండకు ఇటువంటి బాటలే ఉండేవి. 17వ శతాబ్దంలో సిద్ధవటం నేలిన మట్లి రాజులు అలిపిరి దారిలో మెట్లు, గోపురాలు కట్టించిన వారిలో ముఖ్యులు. బాలుడైన అన్నమయ్య మోకాళ్ల మెట్టు దగ్గర అలసి నిద్రపోగా అలమేలుమంగ కలలో కనిపించిందని ప్రతీతి. ఆ దారిలో పిల్లలు అలసిపోవడం ఈనాటి సంగతి కాదన్నమాట!

1843 నుంచి హథీరాంజీ మఠం చేతిలో ఉన్న ఆలయ పాలన, 1932 నాటి మద్రాసు చట్టం ఫలితంగా 1933లో దేవస్థానం కమిటీకి మారింది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ప్రణాళికతో ఘాట్ రోడ్డు తయారై, 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ చేతుల మీదుగా ప్రారంభమైంది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. అప్పటినుంచి నడక అవసరంగా కాక మొక్కుబడిగా, పిల్లలకు సరదాగా మిగిలింది.

దీనితోబాటు ఇంకొకటి కూడా జరిగింది. అది అడవి అన్న మాట మనం మరిచిపోయాము.

రోడ్డు పడకముందు కొండెక్కిన మా నాయనమ్మ మాత్రం మరువలేదు. "పది ఇళ్లవాళ్లం కలిసి బయలుదేరేవాళ్లం. ముందొక మగమనిషి, వెనకొక మగమనిషి, నడుమ ఆడవాళ్లు, పిల్లలు. చేతిలో కర్ర, నోట గోవింద నామం. పొద్దు వాలకముందే పైకి చేరాలి" అనేది. భక్తితో చెప్పిన మాటలనుకున్నాను. అందులో జాగ్రత్త ఎంతుందో ఆలోచించలేదు.

నిజానికి ఆ దారి చుట్టూ ఉన్నది మామూలు అడవి కాదు. శేషాచలం కొండల్లో 1985లో అభయారణ్యాన్ని, 1989లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనాన్ని ప్రభుత్వం ప్రకటించింది. 2010లో ఈ కొండలు జీవావరణ రక్షిత ప్రాంతమయ్యాయి. ఎర్రచందనానికి ఇది పుట్టినిల్లు. రాతి సందుల్లో బంగారు బల్లి, చెట్ల మీద దేవాంగ పిల్లి, లోయల్లో చిరుత, ఎలుగు, దుప్పి. రాతి వయసు చెప్పాలంటే లక్షల సంవత్సరాలు చాలవు, కోట్లలో లెక్కించాలి.

ఇక నా పొరపాటు. 1991 మే నెలలో మేము అలిపిరిలో సాయంత్రం బయలుదేరాము. పగలు ఎండ, రాత్రి చల్లదనం అన్నది నా లెక్క. గాలిగోపురం దాటాక మా ఏడేళ్ల అమ్మాయి చెయ్యి విడిపించుకుని ముందుకు పరుగెత్తింది. "పట్టుకోండి, చీకటి పడింది" అంది మా ఆవిడ. "దేవుడి దారి, ఏమవుతుందే?" అన్నాను. పావుగంట సేపు పిల్ల కనబడలేదు. చివరికి ఒక అంగడి ముందు నిలబడి దోసకాయ ముక్క తింటూ దొరికింది. ఎన్నో ఏళ్లు ఇంట్లో ఈ కథ చెప్పుకుని నవ్వుకున్నాము.

2023 జూన్‌లో ఆ దారిలోనే ఒక పసివాణ్ణి చిరుత నోట కరుచుకుపోయింది. అదృష్టవశాత్తు ప్రాణాలతో దక్కాడు. ఆగస్టులో ఆరేళ్ల చిన్నారి బలైపోయింది. మియాపూర్‌లో మా ఇంటి బాల్కనీలో కూర్చుని పేపరు చదువుతుండగా మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, నేనూ అలాగే పరుగెత్తాను కదా" అంది. సమాధానం చెప్పలేకపోయాను. ఆ కథ మా ఇంట్లో మళ్లీ ఎవరూ చెప్పలేదు.

ఆ ఘటనల తరువాత మధ్యాహ్నం 2 గంటలు దాటితే పిల్లలను నడకదారిలోకి అనుమతించరాదని నిర్ణయించారు. గుంపులుగా నడవమన్నారు. చేతికర్రలు పంచారు. కర్రతో చిరుతను ఆపుతారా అని కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గుంపు, కర్ర, పొద్దు వాలకముందే చేరడం – ఇవన్నీ మా నాయనమ్మ చెప్పిన నియమాలే. ఎనభై ఏళ్ల క్రితం అందరికీ తెలిసిన సంగతిని మనం రోడ్డు సౌఖ్యంలో పారేసుకుని, ఒక పసిపిల్ల ప్రాణం పోయాక తిరిగి నేర్చుకున్నాము.

2024 వేసవిలో మా అమ్మాయి తన కూతురితో కొండెక్కింది. మోకాళ్లు సహకరించక నేను, మా ఆవిడ బస్సులో వెళ్లి పైన మెట్ల దారి చివర కూర్చున్నాము. తెల్లవారాక బయలుదేరినవాళ్లు పదకొండు దాటుతుండగా కనిపించారు. మనుమరాలి ముఖం ఎండకు కందిపోయింది. "అమ్మ ఒక్కసారి కూడా చెయ్యి వదల్లేదు తాతయ్యా" అని ఫిర్యాదు చేసింది.

మనుమలను తీసుకుని వెళ్లే సభ్యులు కూడా ఈ ఫిర్యాదు సంపాదించుకుని రావాలని నా మనవి.