ఖియార్ - ఇఖ్తియారాత్: ఒక బేరం చరిత్ర

అరబ్బీలోని ఆర్థిక రచనలను తెలుగు చేసేవారికి ఒకచోట చిక్కు ఎదురవుతుంది. ఫిఖహ్ గ్రంథాలలోని ‘ఖియార్’, నేటి స్టాక్ ఎక్స్ఛేంజీలలోని ‘ఇఖ్తియారాత్’, అనగా ఆప్షన్లు, ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. రెంటినీ ‘ఎంపిక హక్కు’ అని వ్రాసి ఊరుకుంటే పాఠకుడు పొరబడతాడు. ఖియార్ నిజమైన క్రయవిక్రయాన్ని అంటిపెట్టుకొని ఉండే సౌకర్యం. ఆ షరతుతో సరుకు కొన్నవాడు గడువులోగా ఆలోచించుకొని బేరం రద్దు చేసుకోవచ్చు. దానికి వేరే ధర లేదు. ఇఖ్తియారాత్‌లో ఆ హక్కే సరుకు.

హక్కును అమ్మే ఈ వ్యాపారం పాతదే. 1688లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జోసెఫ్ డి లా వేగా ప్రచురించిన గ్రంథంలో దీని వర్ణన ఉన్నది. ఇంగ్లండు 1734లో శాసనం ద్వారా దీనిని నిషేధించి, 1860లో ఆ శాసనాన్ని ఎత్తివేసింది. మన దేశంలో ‘తేజీ-మందీ’ పేరుతో సాగిన ఇటువంటి బేరాలను 1956 నాటి చట్టం నిషేధించగా, 1995లో ఆ నిషేధం తొలగింది. చికాగోలో 1973 ఏప్రిల్ 26న ఆప్షన్లకు ప్రత్యేక ఎక్స్ఛేంజి తెరుచుకున్నది. 1983లో అక్కడ సూచీ ఆప్షన్లు, 2001 జూన్‌లో ముంబాయిలో నిఫ్టీ ఆప్షన్లు మొదలైనవి.

సూచీ అంటే కొన్ని కంపెనీల షేర్ల ధరలను బట్టి కట్టిన ఒక అంకె. అంకెను ఎవరూ ఇంటికి తీసుకుపోలేరు. గడువునాడు వ్యత్యాసపు సొమ్ము మాత్రమే చేతులు మారుతుంది. హక్కు అమ్మినవాడు ముందే ప్రీమియం పుచ్చుకుంటాడు. సూచీ ఒప్పుకున్న హద్దు దాటకపోతే ఆ సొమ్ము అతనికే మిగులుతుంది. వరుసగా కొన్ని నెలలు ఇలా గడిస్తే ఇది ఇంటి అద్దెవంటి ఆదాయమని తోస్తుంది. కాని ప్రీమియానికి ఉన్న పరిమితి నష్టానికి లేదు. 1762లో స్థాపితమైన లండన్ బేరింగ్స్ బ్యాంకు ఉద్యోగి నిక్ లీసన్ సింగపూరులో ఉండి జపాను నిక్కీ సూచీపై ఆప్షన్లు అమ్మాడు. 1995 జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది, సూచీ పడిపోయింది. అతని ఫ్యూచర్స్ బేరాలతో కలిపి నష్టం 82.7 కోట్ల పౌండ్లకు చేరి, బ్యాంకు కూలిపోయింది.

ప్రీమియాన్ని అర్బూన్‌తో, అంటే మన బయానాతో, పోల్చినవారున్నారు. కొనేవాడు వెనుదీస్తే బయానా అమ్మేవానికి మిగిలే ఈ పద్ధతిని అధిక సంఖ్యాక ఫుఖహా అంగీకరించలేదు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) అంగీకరించారు. హజ్రత్ ఉమర్ (రజి) కోసం మక్కాలో చెరసాలకై ఇల్లు కొన్న ఉదంతం ఆయనకు ఆధారం. జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1993లో గడువు నిర్ణయించిన అర్బూన్‌ను అనుమతించింది. కాని 1992లోనే ఆప్షన్లను ధర్మసమ్మతం కాదన్నది. అక్కడ అమ్ముడయ్యేది ఆస్తీ కాదు, ప్రయోజనమూ కాదు, బదులు పుచ్చుకోదగిన ఆర్థిక హక్కూ కాదన్నది దాని వాదన. బేరం సాగితే బయానా ధరలో కలుస్తుంది, ప్రీమియం కలవదు. హాషిమ్ కమాలీ వంటి విద్వాంసులు ఈ తీర్పుతో ఏకీభవించలేదన్నదీ గుర్తించాలి.

పదవీ విరమణ సొమ్ముతో నెలనెలా రాబడి ఆశించేవారు, ఎంత వస్తుందని అడిగేముందు, దానికి బదులుగా తామేమి ఇస్తున్నారో విచారించాలి. వారు ఇస్తున్నది ఎంతో తెలియని నష్టాన్ని భరిస్తామన్న మాట. అందుకే నా అనువాదాలలో ఆప్షన్‌ను ఆప్షన్ అనే వ్రాస్తాను. ఖియార్ అన్న పేరు దానికి ఇవ్వను.