ఆరు నుంచి పన్నెండు వోల్టులకు

మద్రాసులో 1955 నుంచి బుల్లెట్, మైసూరులో 1961 నుంచి జావా తయారయ్యాయి. ఆనాటి ఈ బళ్లకు ఆరు వోల్టుల బ్యాటరీయే. బండి నెమ్మదిస్తే చాలు, హెడ్‌లైటు గుడ్డిదీపంలా మారేది.

అమెరికాలో కార్లు 1950ల మధ్యకే పన్నెండు వోల్టులకు మారాయి. మన దగ్గర పాత బళ్లను ఆ దారికి తెచ్చింది చాలావరకు ఊళ్లలోని ఆటో ఎలక్ట్రీషియన్లే.

లెక్క తేలికే. 35 వాట్ల బల్బుకు ఆరు వోల్టుల్లో దాదాపు 6 ఆంపియర్ల కరెంటు కావాలి, పన్నెండులో 3 చాలు. కరెంటు సగమైతే అదే వైరులో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. తుప్పు పట్టిన కనెక్షన్ల దగ్గర ఆ తేడా కంటికే తెలుస్తుంది.

పని మాత్రం ఓపికతో చేయాలి. బ్యాటరీ, హారన్, ఇగ్నిషన్ కాయిల్, బల్బులన్నీ మార్చాలి. వెనక లైటులో ఒక్క పాత బల్బు మిగిలినా స్విచ్ వేయగానే మాడిపోతుంది. పాత డైనమోను చాలాసార్లు అలాగే ఉంచి, పన్నెండు వోల్టుల రెగ్యులేటర్ బిగిస్తారు. అయితే చార్జింగ్ మొదలవడానికి ఇంజను ఇంకాస్త వేగంగా తిరగాలి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం సీమలో బ్యాటరీ నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. వోల్టేజీ పెంచినా ఎండాకాలం డిస్టిల్డ్ వాటర్ పోయక తప్పదు.

2019లో ఈ సీమలోని పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైంది. వాటిలోనూ లైట్లకు, హారన్‌కు ఆధారం పన్నెండు వోల్టులే.