జావా భాషయందు రకముల పరీక్ష



కంప్యూటరునకు మనము వరుసగా నిచ్చు ఆజ్ఞల సముదాయమునకు ప్రోగ్రామని పేరు. అట్టి ఆజ్ఞలు వ్రాయుటకు కల్పించిన భాషలలో జావా యొకటి. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ దీనిని 1995వ సంవత్సరమున లోకమునకు వెల్లడించినది. ఈ భాష యొక చిక్కును తీర్చుకొన్న విధమును, అందులకై చెల్లించిన మూల్యమును నేఁడు మనవి చేసెదను.

జావాలో ప్రతి వస్తువునకును ఒక రకము కలదు. పేరు ఒక రకము, సంఖ్య వేఱొక రకము. వస్తువులను నిలువచేయు పట్టిక మాత్రము తొలుత ధాన్యభేద మెఱుఁగని గాదెవంటిది. అందు దేనినైనను పోయవచ్చును. తీయునపుడు "ఇది పేరే" యని ప్రోగ్రాము వ్రాసినవాఁడు హామీ యీయవలయును. దీనినే కాస్టింగందురు. ఈ హామీ వస్తువును మార్చదు. హామీ తప్పైనచో, ప్రోగ్రాము నడుచుచుండఁగా దోషము బయల్పడి పని నిలిచిపోవును.

ఈ వ్యాధికి మందు అంతకుముందే యుండెను. 1970వ దశకమున అమెరికాలో బార్బరా లిస్కోవ్ బృందము నిర్మించిన క్లూ భాషయందును, ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ ప్రభృతులు నిర్మించిన ఎమ్ఎల్ భాషయందును, "ఇది పేర్ల పట్టిక" యని ముందే నిర్ణయించు పద్ధతి కలదు. 1998లో బ్రాచా, ఒడెర్‌స్కీ, స్టౌటమైర్, వాడ్లర్ అను నలుగురు ఆ పద్ధతిని జావాకు అనువుపఱచి జీజే యను రూపమును ప్రకటించిరి. దాని ననుసరించియే 2004లో వెలువడిన జావా 5వ కూర్పు జెనెరిక్ వర్గములను చేర్చుకొనెను. అప్పటినుండి పేర్ల పట్టికలో సంఖ్యను వేయఁబోయినచో, ప్రోగ్రామును ముందుగా చదివి యంత్రమునకు అనువుగా మార్చు కంపైలరే దానిని నిరాకరించుచున్నది.

అయితే అప్పటికే పాతపద్ధతిని వ్రాసిన ప్రోగ్రాములు అపారముగా నుండెను. అవి చెడకుండుటకై, పరీక్ష ముగిసినపిదప కంపైలరు రకపు గుఱుతును చెఱిపివేయునట్లును, తీయుచోట కాస్టింగును తానే చేర్చునట్లును ఏర్పఱచిరి. వ్యాకరణము చదివినవారి కిది వింత కాదు. గమ్ ధాతువుపై క్త ప్రత్యయము రాఁగా, అందలి కకారము ధాతువు చివరి మకారము పోవుటకు నిమిత్తమై, పని తీరఁగానే తానును లోపించును. మిగిలిన రూపము 'గత'.

కాని గుఱుతు చెఱిఁగినందున, నడుచు ప్రోగ్రాము "ఇది పేర్ల పట్టికయేనా" యని అడుగఁజాలదు. పాతపద్ధతి ప్రోగ్రామొకటి అందు సంఖ్యను పడవేసినచో అక్కడ పట్టుబడదు. ఎప్పుడో వేఱొకచోట, పేరనుకొని దానిని తీసినవానికడ దోషము కనఁబడును. తప్పు చేసినవాఁడొకఁడు, చిక్కినవాఁడొకఁడు. అట్టి చోట్ల కంపైలరు చేయు హెచ్చరికను పెడచెవిని పెట్టరాదనుట యిందులకే.

2005లో మైక్రోసాఫ్టువారి సీ షార్పు భాష తన 2వ కూర్పున ఆ గుఱుతును ప్రోగ్రాము నడుచునప్పుడును నిలుపుకొనెను. అందులకై పాతపట్టికల ప్రక్కన క్రొత్తపట్టికలను వేఱుగా నిర్మింపవలసివచ్చెను. జావా పాతవారి వ్రాతను కాపాడి గుఱుతును వదలుకొన్నది. సీ షార్పు గుఱుతును కాపాడి రెండు గాదెలను మోసినది. పూర్వుల యింట కాపురముండి క్రొత్తగది కట్టఁదలఁచువారికి ఈ రెండు మార్గముల ఖర్చును ముందే తెలిసియుండుట మేలు.