వాగుల 'శుభ్రత': అమెరికా వాయవ్య ప్రాంతంలో దుంగల తొలగింపు - చేపల ఆవాసం

నదుల చరిత్రలో ఆనకట్టలకు, కాలువలకు లభించిన ప్రాధాన్యం నదుల నుంచి తొలగించినవాటికి లభించలేదు. అమెరికాలోని ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో వాగులకు అడ్డంగా పేరుకున్న దుంగల కుప్పలను తొలగించిన తీరు ఈ దృష్టితో పరిశీలించదగినది.

19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఈ తొలగింపునకు రవాణాయే కారణం. విలామెట్ నదిలో స్టీమర్లకు అడ్డువచ్చే చెట్లను ప్రభుత్వం తీయించింది. ఎగువ వాగులలో కలప వ్యాపారులు తాత్కాలికంగా కర్ర ఆనకట్టలు కట్టి, నిలిచిన నీటిని ఒక్కసారిగా వదిలి, నరికిన దుంగలను దిగువకు తరలించేవారు. అందుకు వీలుగా సహజంగా ఏర్పడిన కుప్పలను, బండరాళ్లను ముందే తొలగించేవారు.

1950-70ల మధ్య కారణం మారింది. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి తిరిగివచ్చే సాల్మన్ చేపలకు దుంగలు అడ్డమని మత్స్యశాఖలు భావించాయి. ఈ ఆందోళన నిరాధారమైనది కాదు. అడవులు నరికినవారు వదిలిన కొమ్మలు, మొద్దులు కొన్ని వాగులను నిజంగానే మూసివేశాయి. 1964 డిసెంబరు వరదలు ఈ సమస్యను మరింత పెంచాయి. అయితే కొత్తగా పడిన చెత్తతోపాటు ఏళ్ల తరబడి స్థిరపడిన దుంగలు కూడా తొలగిపోయాయి.

ఆ దుంగలు చేసే పని 1970లలో ఆరెగాన్‌లోని హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగాత్మక అడవి వంటి చోట్ల జరిగిన పరిశోధనలలో స్పష్టమైంది. దుంగ మీదుగా దూకే నీరు దిగువన మడుగును తొలుస్తుంది. ఎగువన గులకరాళ్లు నిలుస్తాయి. సాల్మన్ గుడ్లు పెట్టేది వాటిలోనే. చిక్కుకున్న ఆకులు పురుగులకు, ఆ పురుగులు చేపపిల్లలకు ఆహారమవుతాయి. కోహో జాతి సాల్మన్ పిల్లలు సాధారణంగా ఏడాదికి పైగా వాగులోనే పెరుగుతాయి. శీతాకాలపు వరద ఉధృతిలో వాటికి ఆశ్రయం ఈ మడుగులే. దుంగలు పోయినచోట గులక కొట్టుకుపోయి, కొన్ని వాగులలో అడుగు రాయి బయటపడింది.

1980ల నుంచి వాగులలో తిరిగి దుంగలు వేయించడం మొదలైంది. 1998లో ఆరెగాన్ తీరపు కోహోను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. దీనికి దుంగల తొలగింపు ఒక్కటే కారణం కాదు. అధిక వేట, ఆనకట్టలు, అడవుల నరికివేత కూడా ఉన్నాయి.

తొలగింపు, పునఃస్థాపన రెండూ చేపల పేరిటనే జరిగాయి. మొదటిది పెద్దచేప ఎదురీదే దారిని మాత్రమే లెక్కించింది; రెండవది పిల్లచేప వాగులో గడిపే కాలాన్ని కూడా గుర్తించింది. అయినా యంత్రాలతో వేసిన దుంగ కొంతకాలానికి చివికిపోతుంది. దాని స్థానంలో మరొకటి సహజంగా పడాలంటే ఒడ్డున పెద్ద చెట్లుండాలి. అవి ఎదగడానికి శతాబ్దానికి పైగా పట్టవచ్చు. కనుక వాగు పునరుద్ధరణను ఒడ్డున ఉన్న అడవి సంరక్షణ నుంచి వేరుచేసి చూడలేం.